స్పూలర్ రీస్టార్ట్ చేస్తే చాలా? ఆఫీస్ ప్రింట్ సర్వర్లపై అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి నుంచి అమలాపురం, భీమవరం దాకా ఆఫీసుల కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసే పని నాది. రైస్‌మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, కాలేజీలు, నర్సింగ్ హోంలు, దస్తావేజు లేఖరుల ఆఫీసులు... ఏ ఊరెళ్లినా వినపడే మాట ఒకటే: "ప్రింట్ రావట్లేదండి." ఏం చేశారు అని అడిగితే జవాబూ ఒకటే: "ఆయ్, స్పూలర్ రీస్టార్ట్ చేసేశామండి. కాసేపు వచ్చింది, మళ్లీ ఆగిపోయింది."

ప్రింట్ సర్వర్ అంటే ఆఫీసులో అందరి ప్రింట్లనీ అందుకుని ప్రింటర్లకి పంపే కంప్యూటర్. అందులో ప్రింట్ పనులను వరుసలో (క్యూలో) పెట్టి పంపే విండోస్ సర్వీసే స్పూలర్. ప్రింట్ అనేది మూడు చోట్ల ఆగొచ్చు. ఉద్యోగి కంప్యూటర్ నుంచి సర్వర్‌కి వెళ్లేటప్పుడు, సర్వర్‌లో, సర్వర్ నుంచి ప్రింటర్‌కి వెళ్లేటప్పుడు. ఎక్కడ ఆగినా జనం కంటికి కనపడేది క్యూ, నింద పడేది స్పూలర్ మీద. కానీ నేను చూసినంతలో స్పూలర్ తప్పు చేసేది తక్కువ, ఇంకొకరి తప్పు దాని దగ్గర బయటపడేదే ఎక్కువ. అందుకే ఫోన్ రాగానే నేను అడిగేవి రెండే. అందరికీ రావట్లేదా, ఒక్కరికేనా? అన్ని ప్రింటర్లూ ఆగాయా, ఒక్కటేనా? అన్నీ ఆగితే సర్వర్ వైపు చూడాలి. ఒక్క ప్రింటరే ఆగితే దాని పోర్టో (సర్వర్ ఆ ప్రింటర్‌కి పని పంపే దారి), డ్రైవరో (ఆ ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్), ముందున్న పనో చూడాలి. ఒక్కరికే రాకపోతే ఆ మనిషి కంప్యూటర్ చూడాలి, సర్వర్ జోలికి పోనక్కర్లేదు.

అపోహ: స్పూలర్ రీస్టార్ట్ చేస్తే ఏదైనా సర్దుకుంటుంది

ప్రింట్ కొట్టగానే ఆ పని సర్వర్ డిస్క్ మీద మామూలుగా రెండు ఫైళ్లుగా పడుతుంది. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడ ఎస్‌పీఎల్ ఫైల్‌లో ప్రింట్ కావాల్సిన సరుకు, ఎస్‌హెచ్‌డీ ఫైల్‌లో ఎవరు పంపారు, ఏ ప్రింటర్‌కి పంపారు అన్న వివరాలు ఉంటాయి. సర్వీస్ ఆపి మళ్లీ మొదలుపెట్టినంత మాత్రాన ఇవి చెరిగిపోవు. స్పూలర్ లేవగానే మళ్లీ వాటినే చదువుతుంది. వాటిలో పాడైనది ఉంటే మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. రైస్‌మిల్లు కాటా మీద లారీ చెడిపోయి ఆగితే, కాటా గుమాస్తాని మార్చినంత మాత్రాన వెనక లారీలు కదలవు కదా!

కాబట్టి వరుస ఇది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్ స్టాప్ స్పూలర్' అని కొట్టాలి, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసెయ్యాలి, ఆ తర్వాత 'నెట్ స్టార్ట్ స్పూలర్'. ఇంట్లో కంప్యూటర్‌కైతే ఇంతే. సర్వర్‌లో మాత్రం చెయ్యి కొంచెం ఆపుకోవాలి. ఆ ఫోల్డర్‌లో అకౌంట్స్ వాళ్ల బిల్లులుంటాయి, స్టోర్స్ వాళ్ల వే బిల్లులుంటాయి, అన్ని ప్రింటర్ల పనులూ అక్కడే ఉంటాయి. గంపగుత్తగా చెరిపేస్తే అందరూ మళ్లీ పంపాలి, పైగా ఎవరి బిల్లు పోయిందో ఎవరికీ తెలియదు. నేను ఫైళ్లను చెరపను, పక్క ఫోల్డర్‌లోకి జరుపుతాను. ఫైల్ తేదీ, టైమ్ చూస్తే గొడవ మొదలైనప్పటి జత ఏదో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దాన్నొక్కదాన్ని పక్కన పెట్టి మిగతావి తిరిగి ఆ ఫోల్డర్‌లో పెట్టి స్పూలర్‌ని లేపితే మిగిలిన పనులు సాగుతాయి.

ఇదంతా ఇరుక్కున్న పనిని వదిలించడం మాత్రమే. రేపు అదే మనిషి అదే ఫైల్ పంపితే మళ్లీ మొదటికే వస్తుంది. కారణం కావాలంటే విండోస్ తన చిట్టాలు (లాగ్‌లు) చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవాలి.

అపోహ: స్పూలర్ మాటిమాటికీ పడిపోతోందంటే విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాల్సిందే

ఈ మాట నమ్మి ఆదివారాలు పాడుచేసుకున్న ఆఫీసులున్నాయి. ఫార్మాట్ చేసి, అదే సీడీలోంచి అదే పాత డ్రైవర్ వేసి, బుధవారం కల్లా మళ్లీ ఫోన్ చేస్తారు.

స్పూలర్ తనంతట తాను పడిపోతే సిస్టమ్ లాగ్‌లో 7031 నంబర్‌తో ఒక ఎంట్రీ పడుతుంది. అది చెప్పేది సర్వీస్ అనుకోకుండా ఆగిందని మాత్రమే. అసలు సంగతి అప్లికేషన్ లాగ్‌లో, 1000 నంబర్ ఎంట్రీలో ఉంటుంది. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ అన్న వరుసలో ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ ముక్క ఉండే ఫైల్) పేరు కనిపిస్తుంది. ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి వివరాలు చూస్తే ఏ కంపెనీ డ్రైవరో తెలిసిపోతుంది. అక్కడ విండోస్ సొంత ఫైల్ పేరు పడ్డా వెంటనే విండోస్‌ని అనుమానించకండి, డ్రైవర్ చేసిన పాడుకి అది బలైపోయి ఉండొచ్చు. ఏ ప్రింటర్‌కి పని వెళ్లినప్పుడు పడిపోతోందో కూడా కలిపి చూడాలి.

డ్రైవర్ స్పూలర్ లోపలే నడుస్తుంటే, డ్రైవర్ కూలినప్పుడు స్పూలర్ కూడా కూలుతుంది. మూలనున్న పాత ఇంక్‌జెట్ డ్రైవర్ పుణ్యమా అని మిల్లు మొత్తానికి ప్రింట్లు ఆగేది ఇలాగే. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి దీనికి మందుంది. డ్రైవర్ ఐసొలేషన్ అంటారు. ప్రింట్ మేనేజ్‌మెంట్ అనే విండోస్ టూల్‌లో డ్రైవర్ల జాబితాకి వెళ్లి, అనుమానం ఉన్న డ్రైవర్‌ని ఐసొలేటెడ్ అని పెడితే అది వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. కూలితే దాని పని ఒక్కటే పోతుంది, మిగతా ప్రింటర్లు నడుస్తూనే ఉంటాయి. అన్ని డ్రైవర్లూ ఐసొలేషన్‌ని ఒప్పుకోవు, అలాంటివాటిని మార్చేయడమే.

డ్రైవర్ తీసేటప్పుడు ప్రింటర్ ఐకాన్ ఒక్కటీ డిలీట్ చేస్తే డ్రైవర్ పోదు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లి డ్రైవర్‌ని, దాని ప్యాకేజీని కలిపి తీయాలి.

అపోహ: ఆఫ్‌లైన్ అని చూపిస్తోందంటే ప్రింటర్ ఆగిపోయినట్టే

ఎండాకాలం కరెంటు కోతలు, వానాకాలం గాలివానలు. మన దగ్గర ఈ ఫిర్యాదు కరెంటు వచ్చిన మరుక్షణం వస్తుంది. ప్రింటర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, సర్వర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. ఎక్కువసార్లు జరిగేది ఇది: ప్రింటర్ తన ఐపీ అడ్రస్‌ని (నెట్‌వర్క్‌లో తన చిరునామా నంబర్‌ని) రౌటర్ దగ్గర అడిగి తీసుకుంటోంది. కరెంటు పోయి వచ్చాక అన్నీ ఒకేసారి లేస్తాయి, రౌటర్ ఇంకో నంబర్ ఇస్తుంది. సర్వర్‌లోని పోర్ట్ ఇంకా పాత నంబర్‌కే పంపుతూ కూర్చుంటుంది. ఒక్కోసారి ఆ పాత నంబర్ ఎవరి ఫోన్‌కో దక్కుతుంది. అప్పుడు పింగ్ చేస్తే, అంటే ఆ నంబర్‌లో ఎవరైనా ఉన్నారా అని అడిగితే, జవాబు వస్తుంది, ప్రింట్ మాత్రం రాదు. ఎవరికైనా టెన్షన్ పుట్టే పరిస్థితే అది. పరిష్కారం మాత్రం సులువు. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి ఐపీ రిజర్వ్ చేయాలి. లేదా రౌటర్ పంచే వరుసకి బయట ఉన్న నంబర్‌ని ప్రింటర్‌లోనే స్థిరంగా పెట్టాలి.

నంబర్ సరిగ్గానే ఉన్నా ఆఫ్‌లైన్ అంటే పోర్ట్ కాన్ఫిగర్ చేసే చోట ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అనే టిక్ చూడండి. సర్వర్ ఆ పద్ధతిలో ప్రింటర్‌ని బాగోగులు అడుగుతుంది. ప్రింటర్ ఆ భాషలో జవాబివ్వకపోతే బతికున్నదాన్ని కూడా ఆఫ్‌లైన్ అనేస్తుంది. టిక్ తీసేస్తే క్యూ కదులుతుంది. ప్రింటర్ నిజంగా వింటోందా అన్నది తేల్చుకోవాలంటే పింగ్ చాలదు, ప్రింటర్ పనులు అందుకునే 9100 నంబర్ నెట్‌వర్క్ పోర్ట్ తెరుచుకుంటోందో లేదో చూడాలి. పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్ కనెక్షన్ కమాండ్‌కి ఐపీ, పోర్ట్ నంబర్ ఇస్తే చెప్పేస్తుంది.

ప్రింటర్ కలిపేటప్పుడు విండోస్ తనంతట తాను డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ (ప్రింటర్‌ని తనే వెతుక్కునే రకం) పెట్టేస్తుంటుంది. ఇంటికి పర్వాలేదు. సర్వర్‌లో మాత్రం నేను దాన్ని ఉంచను, నేరుగా ఐపీ నంబర్‌కి పంపే స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ చేసి దానికి మారుస్తాను.

అపోహ: పీడీఎఫ్ చిన్నదే కదా, సర్వర్‌కి బరువేముంది

ప్రింటర్‌కి వెళ్లేది మీ పీడీఎఫ్ కాదు. చాలా డ్రైవర్లు పేజీని బొమ్మగా మార్చి పంపుతాయి. లెక్క వేసుకోండి. ఏ4 పేజీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) సుమారు 4,960 చుక్కల వెడల్పు, 7,016 చుక్కల పొడవు. అంటే దాదాపు 3.5 కోట్ల చుక్కలు. కలర్‌లో చుక్కకి 3 బైట్ల చొప్పున కుదించకుండా ఉంటే పేజీకి 100 ఎంబీ దాటుతుంది. నలుపు తెలుపులో చుక్కకి ఒక్క బిట్ చాలు కాబట్టి 5 ఎంబీ లోపే. డ్రైవర్లు కుదించే పంపుతాయి గానీ, పాత దస్తావేజులు స్కాన్ చేసిన 80 పేజీల ఫైల్ కలర్‌లో కొడితే స్పూల్ ఫోల్డర్ ఎలా ఉబ్బుతుందో ఊహించుకోండి. సీ డ్రైవ్ నిండిందంటే అన్ని ప్రింటర్లూ ఆగుతాయి, ఎరర్ మాత్రం డిస్క్ గురించి చెప్పకపోవచ్చు.

స్పూల్ ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌కి మార్చుకోవచ్చు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఉంటుంది. అలాగే ఒక్కో ప్రింటర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్' టిక్ ఉందేమో చూడండి. అది ఉంటే ప్రింట్ అయిపోయినవీ డిస్క్ మీదే మిగిలిపోతాయి.

దీనికి అతుక్కున్న ఇంకో నమ్మకం, తెలుగు అక్షరాలు గజిబిజిగా వస్తే స్పూలర్ చెడిందని. పాత అను ఫాంట్లతో కొట్టిన ఫైల్‌ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెర మీదే పిచ్చి గుర్తులు కనపడతాయి. తెర మీద బాగుండి కాగితం మీద పాడైతే ఫాంట్‌ని డ్రైవర్ సరిగ్గా పంపడం లేదన్నమాట. పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు 'ప్రింట్ యాజ్ ఇమేజ్' పెడితే అక్షరాలు కుదురుతాయి, కాకపోతే ఫైల్ బరువు పైన చెప్పిన లెక్కలోకి పోతుంది. ఇక పేజీలకు పేజీలు ఇంగ్లిష్ గుర్తులు కురిస్తే కారణం వేరు. పని మధ్యలో ప్రింటర్ స్విచ్ కట్టేసి మళ్లీ వేసి ఉంటారు. మొదటి భాగం పోయి, మిగిలిన భాగం ఏమిటో ప్రింటర్‌కి అర్థం కాక అక్షరాలుగా అచ్చేస్తుంది. ముందు క్యూలో పని రద్దు చేసి, ఆ తర్వాతే స్విచ్ జోలికి వెళ్లాలి.

అపోహ: అప్‌డేట్లే ప్రింటర్లని చంపుతున్నాయి, తీసేస్తే హాయి

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదం. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది, నంబర్ సీవీఈ-2021-34527. నెట్‌వర్క్‌లో మామూలు యూజర్‌గా లాగిన్ అవగలిగినవాడు స్పూలర్ ద్వారా సర్వర్ మీద పూర్తి అధికారం సంపాదించొచ్చు. మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ దాకా ఆగకుండా అత్యవసరంగా ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ఆగస్టు అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి అయింది. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత షేర్ చేసిన ప్రింటర్‌కి కలవబోతే చివర 11బీ అని ఉండే ఎరర్ చాలామందికి వచ్చింది.

అప్పుడు పుట్టిన చిట్కాలే ఇప్పటికీ తిరుగుతున్నాయి: విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేయండి, అప్‌డేట్ తీసేయండి, అందరికీ అడ్మిన్ హక్కులిచ్చేయండి. మూడూ ప్రింట్ తెప్పిస్తాయి, మూడూ తలుపు తెరిచి పెడతాయి. 11బీ ఎరర్‌కి ఎక్కువసార్లు మూలం, సర్వర్, క్లయింట్ (ఉద్యోగి కంప్యూటర్) రెండూ ఒకే స్థాయి అప్‌డేట్లతో లేకపోవడం. మన ఆఫీసుల్లో పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ కోసం విండోస్ 7 కంప్యూటర్ ఒకటి ఇంకా ఉంటుంది, దాని సపోర్ట్ 2020 జనవరిలోనే ముగిసింది. దానికోసం సర్వర్ రక్షణ తీయకండి. ఆ ఒక్క కంప్యూటర్‌లో ప్రింటర్ ఐపీకి నేరుగా పోర్ట్ చేసి డ్రైవర్ వేయండి, సర్వర్‌తో సంబంధమే ఉండదు. దాని బిల్లులు సర్వర్ క్యూలో కనపడవన్న మాట ముందే అకౌంటెంట్ గారికి చెప్పాలి, లేకపోతే అదొక కొత్త ఫిర్యాదు.

ఆఫీసు మొత్తం లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ మీద మాత్రం స్పూలర్ అసలు నడవనివ్వకండి. ప్రింట్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ ఒకే మెషిన్ అయితే ముందు వాటిని విడదీయండి.

అపోహ: పాత పీసీ ఒకటి పెడితే అదే ప్రింట్ సర్వర్

చిన్న ఆఫీసుకి సరిపోతుంది. కానీ విండోస్ 10, 11 లాంటివి ఒకేసారి 20 పరికరాలకు మించి షేర్ కనెక్షన్లు ఒప్పుకోవు. కాలేజీలో పరీక్షల ముందు "కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు" అంటే ఇది కూడా చూడాలి. అలాంటి చోట విండోస్ సర్వర్ కావాలి.

ఏది మార్చినా, డ్రైవర్ ఒక్కటి మార్చినా సరే, ముందు ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో సర్వర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రింటర్లను ఫైల్‌కి ఎక్స్‌పోర్ట్ చేయండి. క్యూలు, పోర్టులు, డ్రైవర్లు అన్నీ ఒక ఫైల్‌లో వస్తాయి. ఆ ఫైల్‌ని అదే సర్వర్‌లో దాచకుండా బయట ఇంకో చోట పెట్టుకోండి.