మంట పుట్టించేది మచ్చను తగ్గించదు

మొటిమ వారం పది రోజుల్లో అణిగిపోతుంది. అది ఉన్నచోట మిగిలిన గోధుమరంగు మచ్చ మాత్రం నెలల తరబడి కదలదు. దోమ కుట్టినచోట గోకినా, కుక్కర్ ఆవిరి ముంజేతికి తగిలినా, త్రెడింగ్ చేయించుకున్నాక పైపెదవి కమిలినా ఇదే వరస. పుండు మానుతుంది, రంగు ఉండిపోతుంది. చర్మ వైద్యులు దీన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అంటారు. చామనఛాయ, నలుపు ఒంటిరంగు ఉన్నవాళ్లను మొటిమ కంటే ఈ మచ్చే ఎక్కువ బాధపెడుతుంది. దీన్ని పోగొడతామంటూ ఇప్పుడు కొరియన్ సీరమ్‌లు మన ఊళ్ల షాపుల్లోనూ, ఫోన్లలోని యాప్‌లలోనూ వరసకట్టి కనిపిస్తున్నాయి. వాటిలో సరుకెంత, ప్రచారమెంత అని విడదీసి చూస్తే గట్టిగా నిలబడే విషయం ఒకటుంది: ఆ కొరియన్ పద్ధతి చర్మాన్ని రెచ్చగొట్టదు. మచ్చ తగ్గడానికి మొట్టమొదట కావలసింది అదే. ఎందుకో తెలియాలంటే రంగు ఎలా పుడుతుందో చూడాలి.

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. ఒక్కో మెలనోసైట్ చుట్టూ ఉన్న సుమారు 36 మామూలు చర్మ కణాలకు రంగు పంచుతుంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుని, టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో మెలనిన్‌గా మార్చి, మెలనోసోమ్‌లనే చిన్న సంచుల్లో నింపి పక్క కణాలకు చేరవేస్తుంది. అందుకున్న కణం ఆ మెలనిన్‌ను తన కేంద్రకం మీద గొడుగులా పట్టుకుంటుంది, ఎండలోని యూవీ కిరణాలు డీఎన్‌ఏను తాకకుండా. తెల్లజాతివాళ్లకూ మనకూ మెలనోసైట్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మన కణాలు మరింత చురుగ్గా పనిచేస్తాయి, పెద్ద మెలనోసోమ్‌లు చేస్తాయి. వాళ్లతో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్లు చాలా తక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఆ చురుకుదనానికి మరో వైపు కూడా ఉంది. చర్మానికి దెబ్బ తగిలినప్పుడు, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అక్కడ ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుడతాయి. ఇక్కడ మంట అంటున్నది దీన్నే. ఆ సమయంలో విడుదలయ్యే ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రయిన్లు వంటి రసాయనాలు మెలనోసైట్‌ను తట్టి లేపుతాయి. అది అవసరానికి మించి రంగు చేసి పోస్తుంది. చర్మానికి ఇది మొటిమ వల్ల వచ్చిన మంటా, మనం రాసిన క్రీమ్ వల్ల వచ్చిన మంటా అన్న తేడా తెలియదు. ఏ మంటకైనా అది రంగుతోనే జవాబిస్తుంది.

ఇక్కడే మన ఇళ్లలో చాలామంది పొరబడేది. మొటిమ మీద టూత్‌పేస్ట్, మచ్చ మీద వంటసోడా, ముఖమంతా నిమ్మరసం. "చురుక్కుమంటోంది, అంటే పనిచేస్తోంది" అనుకుంటారు. నిమ్మకాయ సంగతి కొంచెం దగ్గర నుంచి చూడండి. ఆమ్లాన్ని కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలానిది 5 దగ్గర. పీహెచ్‌లో ఒక్కో అంకె పది రెట్ల తేడా కాబట్టి, నిమ్మరసం చర్మం కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ ఆమ్లం. అది చాలదన్నట్టు నిమ్మజాతి కాయల తొక్కలో, రసంలో ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే యూవీ కిరణాలను పట్టుకుని కణాలను కాలుస్తాయి. ఒకటి రెండు రోజులకు ఎర్రబడుతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత రసం కారిన దారి వెంటే నల్లటి చారలు తేలతాయి. నిమ్మకాయలు పిండిన చేత్తోనే ఎండలో తిరిగినవాళ్ల వేళ్ల మీద, మణికట్టు మీద వైద్యులు ఈ చారలు చూస్తుంటారు. దీనికి ఫైటోఫోటోడెర్మటైటిస్ అని పేరు కూడా ఉంది. మచ్చ పోవాలని రాసిన రసమే కొత్త మచ్చ వేస్తుందన్నమాట.

మచ్చలు తగ్గిస్తామనే మాటకు దక్షిణ కొరియాలో చట్టమే హద్దులు పెట్టింది. అక్కడ 2000లో అమల్లోకి వచ్చిన సౌందర్య సాధనాల చట్టం 'ఫంక్షనల్ కాస్మెటిక్స్' అనే ప్రత్యేక వర్గాన్ని ఏర్పాటు చేసింది. మచ్చలు తగ్గిస్తుందనో, ఎండ నుంచి కాపాడుతుందనో లేబుల్ మీద రాయాలంటే ప్రభుత్వానికి ఆధారం చూపించాలి, లేదా ప్రభుత్వం ముందే ఒప్పుకున్న పదార్థాలను అది చెప్పిన మోతాదులోనే వాడాలి. ఆ జాబితాలో నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ఆర్బ్యుటిన్ 2 నుంచి 5 శాతం, విటమిన్ సి నుంచి చేసిన ఆస్కార్బైల్ గ్లూకోసైడ్ 2 శాతం, నూనెలో కరిగే అతిమధురం సారం 0.05 శాతం ఉన్నాయి. డాక్ అనే చెట్టు సారం కూడా 2 శాతంతో ఉంది. కొరియావాళ్లు శతాబ్దాలుగా హంజి అనే చేతికాగితం చేసుకునేది ఈ చెట్టు బెరడుతోనే. ఈ పదార్థాలు చాలావరకు నిదానంగా పనిచేసేవి. మచ్చలకు తీవ్రమైన మందుగా వాడే హైడ్రోక్వినోన్‌ను అక్కడ కాస్మెటిక్స్‌లో అనుమతించరు.

వీటిలో నన్ను బాగా ఆకట్టుకునేది నియాసినమైడ్. పేరు కొత్తగా అనిపించినా ఇది విటమిన్ బి3 కుటుంబానిదే. జొన్నలే ప్రధాన ఆహారంగా బతికిన దక్కన్ పల్లెల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి, బిరుసెక్కి, పొలుసులు రాలేది. నియాసిన్ లోపంతో వచ్చే ఆ జబ్బుకూ జొన్నలకూ ఉన్న సంబంధం గురించి హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో, అంటే ఇప్పటి ఎన్‌ఐఎన్‌లో, డాక్టర్ సి. గోపాలన్ బృందం లోతుగా పరిశోధించింది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించింది. ఒంట్లో లోపిస్తే చర్మం నల్లబడే ఆ విటమిన్ కుటుంబమే ఇప్పుడు సీరమ్ సీసాలో ఉంది. అయితే సీరమ్‌లో అది చేసే పని వేరు. టైరోసినేజ్‌ను అది ముట్టుకోదు, మెలనిన్ తయారీని ఆపదు. తయారైన మెలనోసోమ్ సంచులు పక్క కణాలకు చేరకుండా అడ్డుపడుతుంది. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, ల్యాబ్‌లో పెంచిన కణాల మధ్య ఈ చేరవేత 35 నుంచి 68 శాతం వరకు తగ్గినట్టు తేలింది. మచ్చలున్న 18 మంది జపాన్ మహిళలకు 5 శాతం నియాసినమైడ్ ఉన్న క్రీమ్ ఇస్తే నాలుగు వారాల్లోనే తేడా కనిపించింది. పైగా ఇది చర్మం పైపొరను గట్టిపరుస్తుంది, ఎరుపును తగ్గిస్తుంది. మంట పుట్టించకుండా రంగును ఆపే పదార్థం మనకు అంత సులువుగా దొరకదు. వాడటం మానేస్తే ప్రభావమూ తగ్గిపోతుంది. కణాన్ని శాశ్వతంగా దెబ్బతీయలేదనడానికి అదే గుర్తు. ఇప్పుడు 10, 20 శాతం అని గొప్పగా రాసిన సీసాలు వస్తున్నాయి. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం తప్పు. 5 దాటాక కొందరికి మంట, ఎరుపు మొదలవుతాయి. అక్కడికి మళ్లీ మొదటికొచ్చినట్టే.

కొరియన్ క్రీముల మీద 'సికా' అని రాసి ఉంటుంది. అది మన సరస్వతి ఆకే. గట్ల మీద, నీళ్లు పారే కాలవ పక్కన నేలమీద పాకుతూ గుండ్రటి ఆకులు వేసే మొక్క, శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. ఇందులోని మడెకాసోసైడ్, ఏషియాటికోసైడ్ అనే పదార్థాలు పుండు మానడానికి సాయం చేస్తాయని చాలాకాలంగా తెలుసు. ఇవి మచ్చను నేరుగా చెరిపేయవు. మొటిమ ఎర్రగా ఉన్న దశలోనే ఆ మంటను చల్లార్చితే మచ్చ పడే అవకాశం తగ్గుతుంది. పచ్చి ఆకు నూరి ముఖానికి పట్టిస్తే అదే ఫలితం వస్తుందనుకోవద్దు. అందులో అసలు పదార్థం ఎంతుందో మనకు తెలియదు, కొందరికి పచ్చి ఆకు పడదు కూడా.

ముఖం కడిగే పద్ధతి గురించి కొంత. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు దానితో తోమితే చర్మంలోని కొవ్వు పొర కొట్టుకుపోయి, ముఖం పట్టేసినట్టవుతుంది. పీహెచ్ 5.5 దగ్గర ఉండే ఫేస్‌వాష్‌తో రెండుపూటలా కడిగితే సరిపోతుంది. తోమడంలో మాత్రం కొరియావాళ్లనూ అనుసరించక్కర్లేదు. వాళ్ల స్నానశాలల్లో 'ఇటలీ టవల్' అనే గరుకు గుడ్డతో ఒళ్లు రుద్ది మట్టి పేలికలు తీసే అలవాటుంది. మన బీరపీచు, నైలాన్ పీచు చేసేదీ అదే. ఎముక మీద చర్మం పలచగా ఉండే మెడ కింద, వీపు మీద, మోకాళ్ల కింద ఏళ్ల తరబడి అలా రుద్దితే అలల్లాంటి నల్లటి మచ్చలు పడతాయి. మట్టి అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. పీచు పక్కన పెట్టిన తర్వాతే ఆ రంగు మెల్లగా పలచబడుతుంది.

ఎన్ని సీరమ్‌లు రాసినా సన్‌స్క్రీన్ లేకపోతే డబ్బు దండగ. ఎస్‌పీఎఫ్ అనేది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల లెక్క. మచ్చను ముదరబెట్టే యూవీఏ సంగతి డబ్బా మీద 'పీఏ' అన్న అక్షరాల పక్కనున్న ప్లస్ గుర్తులు చెబుతాయి. జపాన్‌లో మొదలైన ఈ పద్ధతినే కొరియా కూడా వాడుతుంది. నాలుగు ప్లస్‌లుంటే అత్యధిక రక్షణ. యూవీఏ కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది కాబట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, ఆఫీసులో అద్దం పక్కన కూర్చున్నా రాసుకోవాల్సిందే. ఎంత రాయాలన్నది మరీ ముఖ్యం. పరీక్షల్లో చదరపు సెంటీమీటర్‌కు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మనం బొట్టు పెట్టినట్టు నాలుగు చుక్కలు పెట్టి సరిపెడతాం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండిన రెండు గీతలు ముఖానికీ మెడకూ కావాలి. మంగు మచ్చలున్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. నల్లటి చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును పెంచుతుందని పరిశోధనల్లో తేలింది. దాన్ని అడ్డుకునేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్. ముఖం పాలిపోయినట్టు తెల్లగా కనిపించే బాధ కూడా దీనితో తప్పుతుంది.

సున్నితం అని రాసి ఉన్నంత మాత్రాన ఏదీ నిరపాయం అయిపోదు. పక్కనున్న జపాన్‌లో జరిగింది మరచిపోకూడదు. అక్కడి కానెబో సంస్థ రోడోడెండ్రాల్ అనే పదార్థంతో క్రీములు చేసింది. 2008లో ప్రభుత్వ అనుమతి కూడా వచ్చింది. ఆ అణువు చూడటానికి టైరోసిన్‌లా ఉంటుంది. అందువల్ల టైరోసినేజ్ దాన్ని పట్టుకుని పనిలో పెడుతుంది, మెలనిన్ తయారీ తగ్గుతుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ ఎంజైమ్ చేతిలో పడ్డాక అది విషపూరితమైన క్వినోన్‌గా మారి మెలనోసైట్లనే చంపేసింది. ముఖం మీద, చేతుల మీద బొల్లిలాంటి తెల్లమచ్చలు పడ్డాయి. 2013 జులైలో ఆ క్రీములన్నిటినీ వెనక్కి తీసుకునేసరికే వేల మందికి నష్టం జరిగింది. మొత్తం బాధితులు 19 వేలు దాటారు. మచ్చ రంగు తగ్గించడం వేరు, రంగు చేసే కణాన్ని చంపడం వేరు.

మన దగ్గర ప్రమాదం మరో దారిలో వస్తోంది. హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ రకానికి చెందిన ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులు మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగితే ఇచ్చేస్తున్నారు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికన్ వైద్యులు మొదట ప్రతిపాదించిన ఈ మిశ్రమం, డాక్టర్ పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడితే మంచి మందే. ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మానేసిన వారానికే ముఖమంతా మండిపోతుంది, మొటిమలు విరగబూస్తాయి. ఆ మంటకు మళ్లీ మచ్చలు. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ తప్పనిసరి చేసినా, కౌంటర్ దగ్గర అమ్మకం ఆగలేదు. పెళ్లి కుదిరిన అమ్మాయికి చుట్టాలే ఈ ట్యూబు తెచ్చిస్తున్నారంటే చాలా బాధగా ఉంటుంది. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటోంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఎంతకాలం పడుతుందని అడిగితే, ఓపిక పట్టాలన్నదే నిజమైన జవాబు. చర్మం పైపొర అడుగు నుంచి పైకి వచ్చి రాలిపోవడానికి యువతలో సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. కాబట్టి ఏ సీరమ్‌నైనా రెండు మూడు నెలలు వాడకుండా తీర్పు చెప్పకూడదు. మచ్చ గోధుమరంగులో ఉంటే అది పైపొరలోనే ఉన్నట్టు, తగ్గుతుంది. బూడిదరంగులోనో నీలంగానో కనిపిస్తే మెలనిన్ లోపలి పొరలోకి జారిపోయిందని అర్థం. పైన రాసేవి అంతదూరం పోవు, ఏళ్లు పట్టవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే మంగు చాలామందికి కాన్పు తర్వాత కొంత తగ్గుతుంది. గర్భంతో ఉన్నన్నాళ్లూ విటమిన్ ఎ రకానికి చెందిన రెటినాల్, హైడ్రోక్వినోన్ జోలికి పోకుండా సన్‌స్క్రీన్, నియాసినమైడ్‌తో సరిపెట్టుకోవాలి.

మెడ వెనుక, చంకల్లో మఖమల్ గుడ్డలా దళసరిగా నల్లబడితే అది మచ్చల లెక్కలోకే రాదు. దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు చర్మ కణాలు అతిగా పెరగడం వల్ల వస్తుంది. చిన్నపిల్లల్లో కూడా ఇప్పుడు కనిపిస్తోంది. అమ్మలు దాన్ని మురికి అనుకుని స్నానంలో రుద్దుతుంటారు. దానికి కొరియన్ క్రీమ్ కొనే ముందు పరగడుపున షుగర్ పరీక్ష చేయించాలి. తిండి మారి, బరువు తగ్గి, ఇన్సులిన్ అదుపులోకి వస్తే ఆ నలుపు ఏమీ రాయకుండానే నెమ్మదిగా పలచబడుతుంది.