పుష్కర స్నానం, వాయిదా మాత్ర, పక్షవాతం

2027లో గోదావరి పుష్కరాలు. స్నానం తేదీ, నెలసరి తేదీ ఒకేసారి పడితే డెల్టాలో చాలా ఇళ్లలో చేసేది ఒకటే: మందుల షాపు నుంచి ‘డేట్ వాయిదా మాత్రలు’ తెప్పించుకోవడం. అంతర్వేది తీర్థానికీ, వరలక్ష్మీ వ్రతానికీ, ఇంట్లో పెళ్లికీ ఇదే తంతు. షాపులో చీటీ అడగడమే తక్కువ, బీపీ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఆ మాత్ర సాధారణంగా నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాములది. నెలసరికి 3 రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు 3 వేస్తారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. పేరుకు ప్రొజెస్టెరాన్ జాతి మందే గానీ, ఈ మోతాదులో కొంత ఒంట్లోకెళ్లి ఎథినైల్ ఈస్ట్రడయాల్‌గా, అంటే గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. చిక్కంతా అక్కడే.

అమెరికాలో తొలి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్‌కు 1957లో అనుమతి వచ్చింది నెలసరి ఇబ్బందులకే, గర్భనిరోధానికి 1960లో. ఆ తొలి మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. కొద్ది ఏళ్లకే ఊపిరితిత్తుల్లో, మెదడులో రక్తం గడ్డకట్టిన కేసులు బయటపడ్డాయి. ఈస్ట్రోజెన్ పెరిగితే కాలేయం గడ్డకట్టించే ప్రోటీన్లను ఎక్కువ తయారుచేస్తుంది, గడ్డను ఆపే ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. 1969 చివర్లో బ్రిటన్ నిపుణుల కమిటీ 50 మైక్రోగ్రాములు దాటొద్దంది. మన పీహెచ్‌సీల్లో ఉచితంగా ఇచ్చే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్‌లో 30 మాత్రమే.

ఆరోగ్యంగా ఉన్న యువతికి ఇప్పుడు ముప్పు చాలా స్వల్పం. ఎవరికి కాదంటే: తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నవారికి, బీపీ 140/90 దాటినవారికి, 35 ఏళ్లు నిండి చుట్టో బీడీయో కాల్చేవారికి, లోగడ గడ్డ కట్టినవారికి, పచ్చి బాలింతలకు. బాలింతలకు నీళ్లు కట్టడి చేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. రక్తం చిక్కబడి మెదడు సిరల్లో గడ్డ కట్టడానికి అదొక దోవ. క్యూలో మరుగుదొడ్డి దొరకదని పొద్దుట్నుంచీ నీళ్లు మానేయడమూ అంతే.

ముందుగా ఏఎన్ఎం దగ్గర బీపీ చూపించుకుని డాక్టర్ని అడిగితే, ఈస్ట్రోజెన్‌గా మారని మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటిది సరిపోతుందేమో చెబుతారు.

మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా అది మెదడులో గడ్డవల్ల వచ్చే పక్షవాతం కావచ్చు, వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే వడదెబ్బ అనుకుని ఊరుకోవద్దు. వాడిన మాత్రల స్ట్రిప్ డాక్టరుకు చూపించాలి. సిరల్లోని గడ్డ మామూలు సీటీలో దొరక్కపోవచ్చు, వెనోగ్రామ్ (సిరలను చూపే స్కాన్) తీయించాలన్న ఆలోచన ఆ స్ట్రిప్ చూస్తేనే తట్టవచ్చు.