మలుగుపాము "హేచరీ సీడ్" కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మలుగుపాము అంటే పాములా పొడుగ్గా ఉండే చేప, ఇంగ్లీషులో ఈల్ అంటారు. సీడ్ అంటే చెరువులో పెంచడానికి వేసే దాని పిల్లలు, హేచరీ అంటే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే చోటు. ఈ మధ్య ఫోనెత్తితే ఇదే గోల. "సార్, మలుగుపాము సీడ్ ఇత్తారంట, ఎనిమిది నెలల్లో కిలో అయిపోద్దంట, సరుకు కూడా ఆలే కొనుక్కుంటారంట, అరెకరం చెరువుకి ఎన్ని పిల్లలు ఎయ్యాలేటి?" నరసన్నపేట వైపు నుంచి ఒకరు, చీపురుపల్లి వైపు నుంచి ఇంకొకరు, అందరికీ వచ్చింది అదే వీడియో, అదే వాట్సాప్ మెసేజ్. బొచ్చె, శీలావతి, రూప్‌చంద్ చెరువులు చూసుకుంటూ బతికేవాణ్ణి, ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఒకేసారి రాసి పడేస్తున్నా.

అపోహ: మలుగు సీడ్ హేచరీలో తయారవుతుంది, ఆర్డర్ పెడితే వస్తుంది.

వాస్తవం: రాదు. బొచ్చెకి ఇంజెక్షన్ చేసి తెల్లారేసరికి గుడ్లు తీసినట్టు మలుగుకి తీసేస్తారని మనవాళ్ళు అనుకుంటున్నారు. మలుగు మంచినీళ్ళలో ఏళ్ళ తరబడి పెరుగుతుంది గానీ గుడ్లు పెట్టేది మాత్రం నడి సముద్రంలోనే, అది కూడా జీవితంలో ఒక్కసారి, పెట్టాక చచ్చిపోతుంది. మన ఏర్లలో దొరికే పొట్టిరెక్క మలుగు సుమత్రా దీవికి పడమటి సముద్రంలో గుడ్లు పెడుతుందని 1928-30లో తిరిగిన డెన్మార్క్ పరిశోధన ఓడ డానా పట్టిన లార్వాలని (గుడ్డులోంచి వచ్చిన పసి పిల్లలని) బట్టి అంచనా వేశారు. అక్కడ పుట్టినది నాగావళి మొగ దాకా రావాలంటే మధ్యలో ఎంత సముద్రం ఉందో మ్యాప్ తీసి చూడండి.

జపాన్ వాళ్ళకి మలుగంటే ప్రాణం, దశాబ్దాల పాటు దీని మీదే కూర్చున్నారు. 2010లో ల్యాబ్‌లో పుట్టిన మలుగులతోనే మళ్ళీ గుడ్లు పెట్టించి పిల్లల్ని తీశారు. తల్లికి వారాల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, పుట్టిన లార్వాకి సొరచేప గుడ్ల ముద్ద, అదీ నెలల తరబడి, మధ్యలో చచ్చేవి చావగా మిగిలినవే పిల్లలు. అంత చేసిన దేశంలో కూడా ఫారాలు నడిచేది దాదాపు పూర్తిగా ఏటి మొగల్లో పట్టిన, సముద్రంలో వాటంతట అవే పుట్టిన పిల్లలతోనే. 2018లో ఆ పిల్లలు సరిగ్గా పడక కిలో సుమారు 30 లక్షల యెన్లు పలికింది. కిలోకి దగ్గర దగ్గర 5,000 పిల్లలు తూగుతాయి, అంటే ఒక్కో పిల్ల 600 యెన్లు, అప్పటి రేటుకి మన డబ్బుల్లో 350 పైమాటే. మన జాతికి అంత రేటు ఉండదు, ఒప్పుకుంటా, కానీ అలాంటి సరుకుని పదిహేను రూపాయలకి ఇస్తానని ఎవడో అంటే వాడు ఇచ్చేది ఏంటో అడగాలి కదా?

ఏమిస్తున్నాడో నేను చూశాను. ఆమదాలవలస దగ్గర ఒక రైతు సీడ్ దిగిన రోజు పిలిచాడు, ఆక్సిజన్ సంచులు అప్పటికే చెరువు గట్టు మీద వరసగా ఉన్నాయి. ఒకదాన్ని విప్పి పిల్లని అరచేతిలో వేసుకుని చూస్తే తల వెనక రెండు పక్కలా ఉండాల్సిన చిన్న రెక్కలు లేవు. వెల్లకిలా తిప్పితే గొంతు కింద ఒకటే చీలిక, మొప్ప కన్నం అదే. అది మలుగే కాదు, బురదలో బతికే వేరే జాతి, బెంగాల్ వైపు కుచియా అంటారు. దానికి సముద్రంతో పనే లేదు, మడుగులోనే పుట్టి మడుగులోనే పోతుంది. వీడియోల్లో టబ్బుల నిండా చూపించేది కూడా ఎక్కువ ఈ బాపతే. ఆయన మాత్రం మలుగు రేటు కట్టాడు, ఇంట్లో పుస్తెలు తప్ప మిగతా బంగారం అంతా బ్యాంకులో పెట్టి. నేను చెప్తుంటే వాళ్ళావిడ అరుగు మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. తిడితే బాగుణ్ణు అనిపించింది.

కాబట్టి గుర్తు పెట్టుకోండి: అసలు మలుగుకి మొప్పల వెనక జత రెక్కలుంటాయి, వీపు మీద మొదలైన రెక్క తోక చుట్టూ తిరిగి పొట్ట కిందకి ఒకటే అంచులా వస్తుంది. మనం పులుసు పెట్టుకునే బొమ్మిడాయి కూడా ఇది కాదు, దానికి వీపు మీద ముళ్ళు, మూతి మొన తేలి ఉంటుంది.

అపోహ: సముద్రం వేడెక్కి మలుగులు చచ్చిపోయాయి, ఇంక రావు.

వాస్తవం: ఇది కళింగపట్నం వైపు పెద్దవాళ్ళు భయంగా అడిగే మాట. "ఏటి బావూ, ఇంక మలుగు మాటే మర్చిపోవాలా?" అంటారు. వేడికి పెద్ద మలుగు చావడం కాదు సమస్య, అది అర కిలోమీటరు పైన లోతుకి దిగి ఈదగలదు. దెబ్బ తగిలేది లార్వాకి. అది గాజులా పారదర్శకంగా ఆకులా పల్చగా ఉంటుంది, ప్రవాహానికి ఎదురీదే సత్తువ లేదు, నీళ్ళెటు పోతే అటే, నెలల తరబడి, యూరప్ మలుగుకైతే ఏడాది పైనే. పైనీళ్ళు మరీ వేడెక్కితే కిందనీళ్ళతో కలవడం తగ్గిపోతుంది, అడుగున ఉన్న పోషకాలు పైకి రావు, దాని తిండి అయిన పాచి తుక్కు తగ్గుతుంది. రెండోది దారి. పసిఫిక్‌లో ఎల్‌నినో (పైనీళ్ళు మామూలు కంటే వేడెక్కడం) వచ్చిన ఏడాది ఉప్పునీళ్ళు, తక్కువ ఉప్పునీళ్ళు కలిసే గీత దక్షిణానికి జరుగుతుంది, జపాన్ మలుగులు ఆ గీత చూసుకునే గుడ్లు పెడతాయి, దాంతో లార్వాలు జపాన్ వైపు పోయే కురోషియో ప్రవాహం ఎక్కకుండా ఫిలిప్పీన్స్ కింద వైపు కొట్టుకుపోతాయి. పుట్టాయి, బతికాయి, కానీ ఊరు తప్పాయి. మన తీరం వెంబడి ప్రవాహం కూడా ఏడాదిలో రెండుసార్లు తిరుగుతుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. అందుకే ఒక ఏడాది పిల్లలు తక్కువ పడ్డాయని జాతే పోయిందని అనుకోకూడదు, ఒక ఏడాది బాగా పడ్డాయని ఆ లెక్కతో వ్యాపారం పెట్టేయనూ కూడదు.

యూరప్‌లో మాత్రం నిజంగానే కూలిపోయింది, 1980ల నుంచి ఏర్లకొచ్చే పిల్లలు 90 శాతానికి పైగా తగ్గాయి. తప్పంతా సముద్రానిదే అనలేం. డ్యాములు, పిల్లల్ని పట్టి అమ్మేయడం, ఈత తిత్తిలో (చేప తేలడానికి లోపలుండే గాలి సంచిలో) చేరే పురుగు, అన్నీ కలిశాయి. అక్కడ చట్టం 2007లో వచ్చింది, మనుషుల వల్ల దెబ్బ తగలకపోతే ఎన్ని పెద్ద మలుగులు సముద్రానికి పోయేవో అందులో కనీసం 40 శాతమైనా పోనివ్వాలని. సముద్రాన్ని ఎవరూ తిప్పలేరు గానీ ఏటిని చూసుకోవచ్చు, వంశధార మీద మన గొట్టా బ్యారేజీ, నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట, తోటపల్లి బ్యారేజీ విషయంలో కూడా మాట్లాడాల్సింది ఇదే. ఎగువకి ఎక్కేవి ఎక్కువగా ఆడవే, దారి మూస్తే గుడ్లు పెట్టేవాటికే దెబ్బ. ఆనకట్ట తడి గోడ మీద చిన్న మలుగు పిల్లలు పాకగలవు, కాస్త ఎదిగితే ఆ పని చెయ్యలేవు.

అపోహ: మలుగులు వరదకి పుడతాయి.

వాస్తవం: పుట్టవు, అప్పుడు బయటపడతాయి. పెద్దదైన మలుగు తిండి మానేసి, కళ్ళు పెద్దవై, పొట్ట వెండిలా తెల్లబడి, చీకటి రాత్రి వరద నీళ్ళతో సముద్రానికి బయల్దేరుతుంది. మదుం దగ్గర మావులో (చేపలు పట్టే బుట్టలో) పడేది అదే. గుడ్లు పెట్టడానికి పోతున్నదాన్ని పట్టామన్నమాట, వీలైతే వదిలెయ్యండి.

అపోహ: పచ్చి రక్తం తాగితే బలం.

వాస్తవం: మలుగు పచ్చి రక్తంలో విషం ఉంది, కంట్లో పడినా మంట. ఉడికిస్తే పోతుంది. తాగకండి, అంతే.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్ళు సిగ్గుపడి ఇంట్లో దాచుకోవద్దు. రెక్కలు కనిపించేలా పిల్లల ఫొటోలు తీసి పెట్టుకోండి, చాట్‌లు డిలీట్ చెయ్యకండి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తియ్యండి. ఆన్‌లైన్‌లో కట్టుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. మిగతా సగం కడితేనే మొత్తం సరుకు పంపిస్తానని వాడు మళ్ళీ ఫోన్ చేస్తాడు, ఆ సగం మాత్రం కట్టకండి.