క్రీడా నాణేలు, పతకాల సేకర్తల సంఘాలు: అపోహలు, వాస్తవాలు

అంతర్జాతీయ సంఘంలో చేరదామనుకునేవారు అడిగే ప్రశ్నల్లో సగం ఒకే నమ్మకం నుంచి పుడతాయి. ఎక్కడో ఓ పెద్ద కార్యాలయం ఉంటుందని, అందులో నిపుణులు కూర్చుని ఉంటారని, పతకం పంపితే అసలో నకిలీయో తేల్చి, ధర కట్టి, ముద్ర వేసిన కాగితం ఇస్తారని. అలాంటిదేమీ ఉండదు. ఉండేదల్లా సభ్యుల జాబితా, ఒక పత్రిక, ఏడాదికి కొన్ని వేలాలు, ఒక సమావేశం, జీతం తీసుకోకుండా పనిచేసే కొందరు. మిగతాదంతా సభ్యులే చూసుకోవాలి.

అపోహ: ఈ సంఘాలు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకో (ఐఓసీ), ఫిఫాకో అనుబంధ శాఖలు.

ఆదరణ వేరు, అధికారం వేరు. ఒలింపిక్ సేకరణకు ఐఓసీ అండ ఉన్న మాట నిజమే. స్టాంపులంటే ఇష్టపడే హువాన్ ఆంటోనియో సమరాంచ్ ఐఓసీ అధ్యక్షుడిగా ఉండగా, 1982లో ఒలింపిక్ స్టాంపుల సేకర్తల కోసం ఫిపో అనే సమాఖ్య ఏర్పడింది. నాణేలకు, జ్ఞాపికలకు తర్వాత విడి సమాఖ్యలు వచ్చాయి. ఇప్పుడు ఈ రంగాలన్నిటికీ ఐకో అనే సంఘం గొడుగులా ఉంది. క్రీడలతో పనిలేకుండా పతకాన్ని కళగా చూసేవారికి 1937 నుంచే ఫిడెం అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది.

ఇంత అండ ఉన్నా, సంఘ సభ్యత్వంతో ఐదు వలయాల గుర్తు వాడుకునే హక్కు రాదు. ఆ గుర్తుకు 1981 నాటి నైరోబీ ఒప్పందం కింద అంతర్జాతీయ రక్షణ ఉంది. కొత్త సభ్యులు ఉత్సాహం కొద్దీ విజిటింగ్ కార్డు మీద, మార్పిడి జాబితా మీద వలయాలు వేసుకుంటారు. తీసేయమని కార్యదర్శి ఉత్తరం రాయక తప్పదు.

అపోహ: రుసుము కడితే చాలు, సభ్యులైపోయినట్టే.

రుసుము చిన్న విషయం. చాలా సంఘాల్లో దరఖాస్తుతోపాటు ఇద్దరి హామీ అడుగుతారు. వాళ్లు పాత సభ్యులైనా కావచ్చు, మీతో లావాదేవీ జరిపిన వ్యాపారులైనా కావచ్చు. తర్వాత మీ పేరు పత్రికలో వేస్తారు. గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సభ్యత్వ సంఖ్య ఇస్తారు. ఎదుటివారి ముఖం చూడకుండా వేల మైళ్ల దూరానికి వెండి పంపుకునేవాళ్ల మధ్య ఈ వడపోత లేకపోతే ఏ పనీ సాగదు.

దరఖాస్తులో ఎక్కువమంది చెడగొట్టుకునేది 'ఆసక్తులు' అన్న గడి. 'క్రీడా నాణేలు, అన్నీ' అని రాస్తే మీకు ఎవరూ ఉత్తరం రాయరు. '1952 నుంచి 1980 వరకు ఒలింపిక్ వెండి నాణేలు', 'శీతాకాల క్రీడల్లో పాల్గొన్నవారికిచ్చిన పతకాలు' అని రాస్తే, ఆ రెండింటిలో ఏదో ఒకటి రెండు కాపీలున్నవారు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

అపోహ: అసలో నకిలీయో సంఘం ధ్రువీకరిస్తుంది.

సంఘం ఇచ్చేది అభిప్రాయం. అదీ మీరు పంపిన వివరం ఎంత బాగుంటే అంత బాగుంటుంది. 'పాతది, బరువుగా ఉంది, నిజమేనా?' అన్న ప్రశ్నకు జవాబు రాదు. జవాబు రావాలంటే ఇవి పంపాలి: బొమ్మ వైపు ఫొటో, బొరుసు వైపు ఫొటో, అంచు చుట్టూ నాలుగు ఫొటోలు, బరువు, వ్యాసం, మందం, లోహం ఏమనుకుంటున్నారో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో.

వ్యాసం మూడు చోట్ల కొలవాలి. రిబ్బను కొక్కెం ఉంటే దాన్ని వదిలేసి కొలిచి, ఆ సంగతి రాయాలి. కొలిచే సాధనానికి, అంటే కాలిపర్‌కు, ప్లాస్టిక్ దవడలుంటే మంచిది, ఉక్కు దవడలు అంచు మీద గీత పెడతాయి. ఇక తూకం. 200 గ్రాముల దాకా తూచే జేబు త్రాసు నాణేలకు సరిపోతుంది, కానీ ఈనాటి ఒలింపిక్ పతకాలు దానిమీద నిలవవు. 2024 పారిస్ బంగారు పతకం 529 గ్రాములు, టోక్యోది దాదాపు 556. వీటికి కిలో దాకా తూచే త్రాసు కావాలి.

లోహం మీద అనుమానముంటే గీటురాయి జోలికి పోకండి. గీసిన పతకం విలువ అక్కడే సగం పోతుంది. కొరికి చూడటం ఫొటోలకే. నీటితో చేసే పరీక్ష చాలు: ముందు పొడిగా తూచాలి, తర్వాత సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూచాలి, పొడి బరువును తగ్గిన బరువుతో భాగించాలి. స్టెర్లింగ్ వెండికి, అంటే 92.5 శాతం వెండికి, 10.3, 10.4 మధ్య వస్తుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 10 డాలర్ల నాణెం 92.5 శాతం వెండి, 48.6 గ్రాములు. నీళ్లలో దాని బరువు దాదాపు 4.7 గ్రాములు తగ్గాలి. అదే బరువున్న రాగి, నికెల్ నకిలీ అయితే 5.4 గ్రాములకు పైనే తగ్గుతుంది. లెక్క తప్పిందంటే ఎక్కువసార్లు కారణం అక్షరాల సందుల్లో ఇరుక్కున్న గాలి బుడగలు. మెత్తని కుంచెతో వాటిని తప్పించి మళ్లీ తూచండి. ఎనామెల్ ఉన్నవాటిని, బోలుగా చేసినవాటిని, రిబ్బను కుట్టినవాటిని నీళ్లలో ముంచకూడదు. పారిస్ 2024 పతకాలను అసలే ముంచొద్దు. వాటి మధ్యలో ఐఫిల్ టవర్ నుంచి తీసిన 18 గ్రాముల ఇనుప ముక్క పొదిగి ఉంటుంది, కాబట్టి లెక్క ఎలాగూ కుదరదు.

అంచు గురించి ఒక్క ఉదాహరణ చెబితే అది ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. పారిస్ టంకశాల 1880 నుంచి తన పతకాల అంచు మీద పళ్లూ పూలూ నిండిన కొమ్ము గుర్తు కొడుతోంది. పతకం మీద 1880కి ముందు సంవత్సరం ఉండి అంచు మీద ఆ గుర్తుంటే, అది పాత అచ్చులతో తర్వాత ముద్రించినదని అర్థం. నకిలీ అనడానికి లేదు, టంకశాల సొంత సరుకే. కానీ తొలి ముద్రణ ధర దానికి రాదు. ఇలాంటి పునర్ముద్రణను 'అసలు' అని అమ్మేవారు అబద్ధమూ చెప్పరు, నిజమూ చెప్పరు. అంచు ఫొటో పెట్టని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

అపోహ: బంగారు పతకం అంటే బంగారమే, కాబట్టి అదే అన్నిటికన్నా అరుదు.

విజేతలకు పూర్తి బంగారు పతకాలు ఇచ్చిన చివరి ఒలింపిక్స్ 1912 స్టాక్‌హోం. అవీ చిన్నవే, దాదాపు 24 గ్రాములు. ఇప్పటివి వెండి మీద బంగారు పూత. నిబంధన ప్రకారం పూతలో కనీసం 6 గ్రాముల బంగారం, కింద కనీసం 92.5 శాతం శుద్ధమైన వెండి ఉండాలి. 1896 ఏథెన్స్‌లోనైతే విజేతకు వెండి పతకమే ఇచ్చారు. బంగారం, వెండి, కంచు వరుస 1904 సెయింట్ లూయిస్‌లో మొదలైంది. కాబట్టి '1896 ఒలింపిక్ బంగారు పతకం' అన్న ప్రకటన కనిపిస్తే ఫొటోలు చూడనక్కర్లేదు.

మామూలు సేకర్త చేతికి విజేతల పతకాలు రావడం తక్కువ. మార్పిడుల్లో తిరిగేవి పాల్గొన్న ప్రతి క్రీడాకారుడికీ, అధికారికీ ఇచ్చే స్మారక పతకాలు, టంకశాలలు ప్రజలకు అమ్మేవి. ఒకే ఒలింపిక్స్‌కు ఈ మూడు రకాలూ ఉంటాయి. జాబితాలో ఏ రకమో రాయకపోవడం వల్ల వచ్చే తగాదాలే ఎక్కువ.

అపోహ: 'పరిమిత ముద్రణ' అంటే ధర పెరుగుతుంది.

నాణేలను అమ్మేవారికి నచ్చే మాట ఇది. ఒలింపిక్ నాణేల సేకరణ సాధారణంగా 1952 హెల్సింకీ ఒలింపిక్స్ నాటి ఫిన్లండ్ 500 మార్కాల నాణెంతో మొదలవుతుంది. అదే నాణెం 1951 సంవత్సరంతో దాదాపు 18,500, 1952 సంవత్సరంతో 5.86 లక్షలు ముద్రించారు. ధరలో తేడాకు కారణం ఆ చివరి ఒక్క అంకె. 1972 మ్యూనిక్ 10 మార్కుల నాణెం కథ మాత్రం ఇంకోలా ఉంది. మొదటి దానిమీద 'జర్మనీలో' అని వేసి, తూర్పు జర్మనీ అభ్యంతరం చెబితే 'మ్యూనిక్‌లో' అని మార్చారు. కథ వినగానే మొదటిది అరుదనిపిస్తుంది. అది కోటి దాకా ముద్రించారు! కథకు డబ్బు పెట్టేముందు ముద్రణ సంఖ్య చూడండి. సంఘ గ్రంథాలయం ఉండేది ఇందుకే. కేటలాగు పేజీ అడిగితే పంపుతారు.

అపోహ: సంఘం వేలం అంటే మార్కెట్ వేలమే.

సంఘాల తపాలా వేలంలో సుత్తి దెబ్బ ఉండదు. వస్తువుల జాబితా పత్రికలో వస్తుంది. గడువు తేదీలోగా మీ గరిష్ఠ ధర రాసి పంపాలి. చాలాచోట్ల నిబంధన ఇది: గెలిచినవారు రాసినంతా కట్టరు, రెండో ధర మీద ఒక మెట్టు ఎక్కువ కడతారు. రెండు ధరలు సమానమైతే ముందు అందినదానిదే గెలుపు. అందుకే చివరి రోజున గుండ్రటి అంకె పంపేవాళ్లు ఓడిపోతుంటారు. 50 బదులు 52 రాసి వారం ముందే పంపితే సరిపోతుంది. వస్తువు వివరానికి తగ్గట్టు లేకపోతే తిప్పి పంపడానికి గడువుంటుంది. అది అందిన రోజు నుంచి లెక్క, తెరిచి చూసిన రోజు నుంచి కాదు.

మార్పిడిలో ఆనవాయితీ ఒకటే: కొత్త సభ్యులు ముందు పంపాలి. న్యాయం కాదనిపించవచ్చు, కానీ పాత సభ్యుల పేరు పోతే నష్టం వాళ్లకే ఎక్కువ. మోసం జరిగితే సంఘం ఫిర్యాదు తీసుకుంటుంది, ఎదుటివారిని సంజాయిషీ అడుగుతుంది, తేలితే పేరు తీసేస్తుంది. పోయిన డబ్బు మాత్రం వసూలు చేసి ఇవ్వలేదు. ఉత్తరాలు, రసీదులు, పంపేముందు తీసిన ఫొటోలు లేకుండా ఫిర్యాదు పెట్టినా లాభం లేదు.

అపోహ: 'బహుమతి' అని రాసి మామూలు కవరులో పంపితే సుంకం తప్పుతుంది.

ముందుగా, అంతర్జాతీయ తపాలా నిబంధనల ప్రకారం నాణేలు, బంగారం, వెండి మామూలు ఉత్తరాల్లో పంపకూడదు. విలువ ప్రకటించి బీమా చేసిన కవరులోనో, పార్సిల్‌లోనో పంపాలి, అదీ రెండు దేశాలూ ఒప్పుకుంటేనే. కస్టమ్స్ కోసం, కవరు విలువ 300 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్క యూనిట్లు) దాకా అయితే సీఎన్ 22, అంతకు మించినా పార్సిల్ అయినా సీఎన్ 23 పత్రం నింపాలి. విలువ తగ్గించి రాస్తే పార్సిల్ పోయినప్పుడు వచ్చే పరిహారమూ అంతే. నాణేల వివరంలో సేకరణ వస్తువులు అని రాసి, సుంకాల పట్టికలో 9705 శీర్షిక వర్తిస్తుందేమో అడగండి. సేకరణ విలువ లేని మామూలు నాణేలు 7118 కిందకు వస్తాయి. పతకాల శీర్షిక లోహాన్ని బట్టి మారుతుంది.

పార్సిల్‌లో ఏదీ కదలకూడదు. రెండు పతకాలు ఒకదానికొకటి తగిలితే అంచులు నొక్కుకుపోతాయి. రబ్బరు బ్యాండ్లు వేయకండి, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

అపోహ: మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

రుద్దిన పతకాన్ని అనుభవమున్నవాళ్లు అడుగు దూరం నుంచే గుర్తుపడతారు. కంచు మీద ఏళ్లుగా పేరుకున్న రంగు దాని రక్షణ. పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో ఉంచిన నాణేల మీద పచ్చటి జిగురు పడితే మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వాలి. వార్నిష్ లేదా ఎనామెల్ ఉన్న పతకానికి అసిటోన్ తగలనివ్వకూడదు.

చెడిపోయిన పతకం నకిలీ కావాలనీ లేదు. పారిస్ 2024 కంచు పతకాలు కొన్ని నెలల్లోనే రంగు పోయాయని క్రీడాకారులు ఫిర్యాదు చేశారు, టంకశాల వాటిని మార్చి ఇచ్చింది.

అపోహ: విజేతల పతకం కొనడం, అమ్మడం నేరం.

పతకం గెలిచినవారి సొత్తు. 1936లో జెస్సీ ఓవెన్స్ గెలిచిన పతకాల్లో ఒకటి 2013 వేలంలో దాదాపు 14.7 లక్షల డాలర్లకు పోయింది. అభ్యంతరం వచ్చేది దొంగిలించిన పతకాల విషయంలోనే. అందుకే చేతులు మారిన క్రమాన్ని రాతలో అడగండి.

అపోహ: సభ్యులు మరణిస్తే సేకరణ సంఘానికి చెందుతుంది.

వారసులదే. సంఘం చేయగలిగింది గుర్తుపట్టడం, వేలంలో పెట్టడం. దానికి ముందే ఒక జాబితా ఉండాలి: వరుస సంఖ్య, కేటలాగు సంఖ్య, కొన్న తేదీ, ఇచ్చిన ధర, ఎవరి దగ్గర కొన్నారు, ఏ పెట్టెలో ఉంది. ఆ జాబితా నకలు ఒకటి సేకరణ ఉన్నచోట కాకుండా వేరే చోట ఉంచి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.