ఇంటికి పంపాక ఎవరు చూశారు?

కొవిడ్ కాలంలో బాలల రక్షణ వ్యవస్థ ఎలా పనిచేసిందన్న వాదన మళ్లీ వచ్చినప్పుడల్లా ఒకరు బాలల సహాయ నంబరు 1098కి వచ్చిన ఫోన్ల సంగతి ఎత్తుతారు, ఇంకొకరు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు ప్రకటించిన సాయాన్ని గుర్తుచేస్తారు. లాక్‌డౌన్ తొలినాళ్ల కథ అందరికీ తెలిసిందే. అసలు చిక్కుముడి 2020 సెప్టెంబరులో పడింది.

ఆ నెలలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కేరళ, కర్ణాటక, మహారాష్ట్ర, మేఘాలయ, మిజోరం రాష్ట్రాల కలెక్టర్లకు లేఖ రాసింది. ఇంటికి దూరమైన పిల్లలను ఉంచే సంరక్షణ గృహాల్లోని వారిని వంద రోజుల్లోగా కుటుంబాలకు అప్పగించాలని, అందుకు వీలుకాని వారిని దత్తతకో, తాత్కాలిక పెంపకానికో పంపాలని దాని సారాంశం. కుటుంబంలో పెరగడం బిడ్డ హక్కు అని కమిషన్ వాదించింది. 2015 బాలన్యాయ చట్టం 40వ సెక్షన్ కూడా పిల్లలను ఇంటికి చేర్చడమే గృహాల ప్రధాన లక్ష్యమంటోంది కనుక ఆ వాదనను కొట్టిపారేయలేం.

అయితే ఆ చట్టం ప్రకారం బిడ్డను ఇంటికి పంపాలో వద్దో నిర్ణయించాల్సింది జిల్లా స్థాయిలో ఉండే బాలల సంక్షేమ కమిటీ. అదీ ఒక్కొక్క బిడ్డ విషయంలో విడివిడిగా, ఇంటి పరిస్థితులపై విచారణ నివేదిక చూశాకే. ఈ గృహాల్లో ఉన్నవారిలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికమో, బడి దూరమో, ఇంట్లో హింసో వారిని అక్కడికి చేర్చింది. కరోనా ఆ కారణాల్లో ఒక్కదాన్నీ తగ్గించలేదు సరికదా, పేదింటి ఆదాయాన్నీ తెరిచి ఉన్న బడినీ కూడా లాగేసుకుంది. అలాంటప్పుడు అందరికీ ఒకే గడువు పెట్టడం తొందరపాటేనన్న విమర్శలో బలముంది.

నిజానికి పిల్లల తరలింపు లేఖకు ముందే మొదలైంది. 2020 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను చేపట్టిన కేసులో జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం, గృహాల్లో రద్దీ, వైరస్ భయం దృష్ట్యా ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో పరిశీలించాలని కమిటీలకు చెప్పింది. ఇంటికి వెళ్లిన వారి బాగోగులను ఫోన్లో కనుక్కోవాలనీ సూచించింది. ఆ రోజుల్లో అంతకుమించి చేయగలిగింది తక్కువే కావచ్చు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి చేతిలోనో మేనమామ చేతిలోనో ఉంటే, పక్కనే వాళ్లు వింటుంటే, కొడుతున్నారనో పనికి పంపుతున్నారనో బిడ్డ ఎలా చెబుతుంది?

అదే ఏడాది డిసెంబరు 15 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల్లో లెక్కలు బయటపడ్డాయి. కరోనా మొదలైనప్పుడు గృహాల్లో 2,27,518 మంది పిల్లలుండగా, 1,45,788 మంది అప్పటికే ఇళ్లకు చేరారు. చదువు కోసం ఒక్కొక్కరికి నెలకు రూ.2,000 ఇవ్వాలని, కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు సిఫార్సు చేయాలని కోర్టు ఆదేశించింది. అంటే పిల్లలు ముందు వెళ్లారు, డబ్బు మాట తర్వాత వచ్చింది.

2021లో రెండో వేవ్ వచ్చాక అందరి చూపూ అనాథలైన పిల్లల మీదికి మళ్లింది. ఆంధ్రప్రదేశ్ రూ.10 లక్షల డిపాజిట్ ప్రకటించింది, కేంద్రం పీఎం కేర్స్ పథకం తెచ్చింది, కమిషన్ నడిపే బాల్ స్వరాజ్ పోర్టల్‌లో ఆ పిల్లల పేర్లు నమోదయ్యాయి. అవన్నీ అవసరమైనవే. పిల్లలను ఇంటికి చేర్చే ప్రక్రియను ఆన్‌లైన్‌లో నమోదు చేసి గమనించేందుకు కమిషన్ ‘ఘర్’ పోర్టల్‌ను తెచ్చింది మాత్రం 2022 నవంబరులో, వంద రోజుల లేఖ రాసిన రెండేళ్లకు.