ఆరుగురి కోర్టు, పద్దెనిమిది మంది జట్టు

2025 జూన్ 6న అమెరికాలో ఒక ఫెడరల్ జడ్జి అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్ వర్సెస్ ఎన్‌సీఏఏ’ కేసులో రాజీ ఒప్పందానికి ఆమోదముద్ర వేశారు. కాలేజీలు ఇక ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్నది అందులో పతాక శీర్షికలకెక్కిన సంగతి. మహిళల వాలీబాల్‌కు సంబంధించినంత వరకు అసలు అంకె వేరే ఉంది: 18.

అప్పటిదాకా కాలేజీ ఆటలో పై అంచె అయిన డివిజన్-1లో మహిళల జట్టుకు 12 స్కాలర్‌షిప్‌లే గరిష్ఠం. అవి ముక్కలు చేసి పంచేవి కావు, 12 మందికీ పూర్తి స్కాలర్‌షిప్పే. జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి మాత్రం హద్దు లేదు. ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఈ లెక్క తిరగబడింది. స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయి, జట్టు 18 మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. ఈ పరిమితి వల్ల చోటు పోయిన పాత ఆటగాళ్లను లెక్కలోంచి మినహాయించారు గానీ, అది కొద్ది సంవత్సరాల మాటే.

కోర్టు మీద ఒకసారి ఉండేది ఆరుగురు. వెనక వరుసలో ఒకరి బదులు దిగి బంతి ఎత్తే లిబరోతో కలిపి ఆడేవాళ్లు ఏడుగురు. వెనక వరుసలో ఆడే డిఫెన్సివ్ స్పెషలిస్టులు ఒకరిద్దరు, సర్వీసు కోసమే దిగే అమ్మాయి ఒకరు, అంతా కలిపితే తొమ్మిది పది మంది. మిగతా ఎనిమిది మంది చూస్తూ ఉంటారు. పాత పద్ధతిలో 13వ స్థానం నుంచి కిందివాళ్లు చాలావరకు స్కాలర్‌షిప్ లేకుండా, ఆట మీద ఇష్టంతో వచ్చి చేరినవాళ్లు. ఇప్పుడు 18వ అమ్మాయి కూడా కోచ్ ఆమె ఇంటికి వెళ్లి మాట్లాడి తెచ్చుకున్న అమ్మాయి కావచ్చు. ‘నన్నెందుకు దించట్లేదు’ అన్న ప్రశ్న ఆమె నోట ఇంకో బరువుతో వస్తుంది.

ఈ ప్రశ్నకు జవాబుగా సాధారణంగా కోచ్ స్వభావాన్ని చూపిస్తారు: ఫలానా ఆయన మొండివాడు, ఫలానా ఆవిడ సీనియర్లకే పెద్దపీట వేస్తుంది అని. సగం జవాబు మాత్రం రూల్ బుక్కులో ఉంది.

విలియం జి. మోర్గాన్ 1895లో మసాచుసెట్స్‌లోని హోల్యోక్ వైఎంసీఏలో ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు ఒక్కో వైపు ఎంతమంది అన్న నియమమే లేదు. ఆరుగురు అని స్థిరపడింది 1918లో. వరుసగా తిరుగుతూ ఆడే రొటేషన్ వల్ల ప్రతి ఒక్కరూ సర్వీసు చేయాలి, ముందు వరుసలో బ్లాక్ చేయాలి, వెనక వరుసలో బంతి ఎత్తాలి. అన్నీ వచ్చిన ఆరుగురు ఉంటే బెంచీ గొడవే ఉండదు. పొడవాటి బ్లాకర్‌కు పాసింగ్ (సర్వీసును అందుకుని సహచరికి పంపడం) రాకపోవడం, పాసింగ్ బాగా వచ్చిన అమ్మాయి నెట్ పైకి అందకపోవడంతోనే చిక్కు మొదలైంది. దాన్ని సబ్‌స్టిట్యూషన్‌తో (సబ్), అంటే ఒకరి బదులు ఇంకొకరిని దించి సర్దుకోవాలి. ఎన్ని సబ్‌లు అన్న దగ్గర రెండు దారులు చీలాయి.

అంతర్జాతీయ నిబంధనల్లో సెట్‌కు 6 సబ్‌లే. మొదటి ఆరుగురిలో ఒకరు బయటికి వెళ్తే ఒకసారే తిరిగి రావచ్చు, అదీ తన బదులు దిగిన మనిషి స్థానంలోకే. అమెరికా కాలేజీ మహిళల ఆటలో సెట్‌కు 15. ఒకే అమ్మాయి ఎన్నిసార్లయినా దిగొచ్చు, ఎక్కొచ్చు. రొటేషన్‌లో తన చోటు మారకూడదు, అంతే. అక్కడి బెంచీలు అంత లోతుగా ఉండటానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

ఈ 15 ఎలా ఖర్చవుతాయో 6-2 పద్ధతిలో చూడాలి. ఇందులో ఇద్దరు సెట్టర్లు (అటాకర్ కొట్టడానికి బంతి లేపి అందించేవాళ్లు) ఉంటారు, ఇద్దరూ వెనక వరుసలో ఉన్నప్పుడే సెట్ చేస్తారు. సెట్టర్ తిరుగుతూ ముందు వరుసకు రాగానే ఆమె బదులు అటాకర్ దిగుతుంది. అదే క్షణంలో ఆమెకు ఎదురు స్థానంలో ఉన్న కుడివైపు అటాకర్ వెనక్కి, సర్వీసు స్థానానికి వెళ్తుంది. ఆమె బదులు రెండో సెట్టర్ దిగుతుంది. రెండు సబ్‌లు అయ్యాయి. మూడు రొటేషన్ల తర్వాత ఇదే తిరగబడుతుంది, ఇంకో రెండు. పూర్తి చుట్టుకు నాలుగు. ఎడమవైపు అటాకర్లలో ఒకరికి పాసింగ్ తక్కువైతే ఆమె వెనక్కి వెళ్లిన ప్రతిసారీ డిఫెన్సివ్ స్పెషలిస్టు దిగుతుంది, ఆమె ముందుకు వచ్చేటప్పుడు తిరిగి మారాలి. చుట్టుకు ఇంకో రెండు. మొత్తం ఆరు.

25 పాయింట్ల సెట్‌లో గట్టి పోటీ ఉంటే ఒక జట్టు సుమారు 13 నుంచి 16 సార్లు తిరుగుతుంది, అంటే రెండున్నర చుట్లు. ఆరును రెండున్నరతో హెచ్చిస్తే 15. లెక్క సరిగ్గా అంచు మీద నిలబడుతుంది. ఇంకో స్పెషలిస్టును చేరిస్తే చుట్టుకు ఎనిమిది అవుతాయి, రెండో చుట్టు చివర్లోనే సంచి ఖాళీ. 22-22 దగ్గర సబ్‌లు అయిపోతే జరిగేది ఇది: పొట్టి సెట్టర్ నెట్ దగ్గర చిక్కుకుపోతుంది. అవతలి జట్టు బంతులన్నీ ఆమె తల మీదుగానే కొడుతుంది. లేదా పాసింగ్ రాని అటాకర్ వెనక వరుసలో మిగిలిపోతుంది, సర్వీసులన్నీ వెతుక్కుంటూ ఆమె మీదికే వస్తాయి. అందుకే బెంచీ మీద ఒక అసిస్టెంట్ కోచ్ పని ఆట చూడటం కాదు, ఎన్ని వాడాం, ఎన్ని మిగిలాయి అని రాస్తూ ఉండటం. పన్నెండోది దాటాక సబ్ అడిగే ముందు ఆ కాగితం వైపు చూడని కోచ్ ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటారు.

6-2ను ఇద్దరు సెట్టర్లు బాగున్నారని ఎంచుకుంటారు, ఆరు రొటేషన్లలోనూ ముందు వరుసలో ముగ్గురు అటాకర్లు దొరుకుతారని ఎంచుకుంటారు. బయటికి చెప్పని కారణం ఇంకోటి ఉంది. రెండు స్థానాల్లో నలుగురికి ఆట దొరుకుతుంది. ఇళ్ల నుంచి ఫోన్లు తగ్గుతాయి. దీనికి మూల్యం అటాకర్లు చెల్లిస్తారు: బంతి ఒకరి చేతుల్లోంచి కాస్త త్వరగా, ఇంకొకరి చేతుల్లోంచి కాస్త ఆలస్యంగా వస్తుంది. మధ్యలో వేగంగా ఎగిరి కొట్టే బ్లాకర్‌కు ఆ చిన్న తేడాతోనే టైమింగ్ పోతుంది. ఒక సెట్టర్ స్పష్టంగా మెరుగైతే 6-2ను శాంతి కోసం నడపడం తప్పు అని నా అభిప్రాయం. ఒకే సెట్టర్‌తో ఆడే 5-1కు మారి, ఆ సెట్టర్ ముందు వరుసకు వచ్చినప్పుడు మాత్రం ఒకటి రెండుసార్లు డబుల్ సబ్ (ఒకేసారి రెండు సబ్‌లు) చేస్తే సరిపోతుంది. 6 సబ్‌లతో ఆడే అంతర్జాతీయ జట్లు చేసేదీ అదే. వెళ్లడానికి రెండు, తిరిగి రావడానికి రెండు, నాలుగుతో పని అయిపోతుంది.

సబ్‌ల తర్వాత బెంచీని మార్చినవి స్కోరింగ్, లిబరో. 2001 దాకా కాలేజీ మహిళల ఆటలో సర్వీసు చేసే జట్టుకే పాయింటు. కొత్త అమ్మాయి సర్వీసును నెట్‌కు కొడితే సర్వీసు పోయేది, పాయింటు పోయేది కాదు. ఆ ఏడాది ర్యాలీ స్కోరింగ్ వచ్చింది. ప్రతి తప్పుకూ పాయింటు పోవడంతో ‘ఈ అమ్మాయిని కాసేపు ఆడించి చూద్దాం’ అనడం ఖరీదైన మాట అయింది. మొదట సెట్ 30 పాయింట్లకు ఉండేది, 2008లో 25కు దించారు. అలా తగ్గిన ప్రతి పాయింటూ బెంచీకి దక్కాల్సిన సమయంలోంచే పోయింది.

లిబరో దీనికి కొంత విరుగుడు. ప్రపంచ స్థాయిలో 1998లో వచ్చిన ఈ స్థానాన్ని ఎన్‌సీఏఏ మహిళల ఆట 2002లో తీసుకుంది. లిబరో మార్పులు 15లో లెక్కకు రావు. అంటే నెట్ మధ్యలో ఆడే మిడిల్ బ్లాకర్లిద్దరిలో ఎవరు వెనక్కి వెళ్లినా సబ్ ఖర్చు లేకుండా పాసింగ్ మనిషి దిగుతుంది. అంతర్జాతీయ ఆటలో లిబరో సర్వీసు చేయకూడదు. కాలేజీల్లో ఒక రొటేషన్‌లో చేయవచ్చు. రెండో మిడిల్ సర్వీసు వంతు వచ్చినప్పుడు ఆమే చేయాలి, లేదా రెండు సబ్‌లు పెట్టి సర్వీసు స్పెషలిస్టును దించాలి. సర్వీసు కోసమే జట్టులో ఉన్న అమ్మాయికి సెట్‌లో దొరికే రెండు మూడు అవకాశాలు ఎక్కువగా ఇక్కడివే. 2024 సీజన్ నుంచి సెట్‌కు ఇద్దరు లిబరోలను పేర్కొనవచ్చు. కోర్టు మీద ఒకరే ఉండాలి. సర్వీసు అందుకోవడంలో మెరుగైనవారు ఒకరు, దూకి స్మాష్‌ను ఎత్తడంలో (డిగ్) మెరుగైనవారు ఇంకొకరు ఉన్న జట్టుకు ఇది అక్షరాలా వరం. ఇద్దరూ ఆడతారు, సబ్ ఒక్కటీ పోదు.

కోర్టు లెక్క ఇలా నడుస్తుంటే, సంవత్సరాల లెక్క ఇంకోవైపు నడిచింది. కాలేజీ ఆటగాడికి ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు. వాలీబాల్‌లో చాలాకాలం పాటు ఒక్క అధికారిక మ్యాచ్‌లో ఒక్క సర్వీసు చేసినా సీజన్ మొత్తం ఖర్చయినట్టే. మొదటి ఏడాది అమ్మాయిని పూర్తిగా పక్కన కూర్చోబెట్టి ‘రెడ్‌షర్ట్’ చేయాలి, లేదా దించి ఆ ఏడాదిని వాడేయాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2018 నుంచి నాలుగు ఆటల వెసులుబాటు వచ్చింది. వాలీబాల్ కోచ్‌లు దాన్ని ఎంత అసూయతో చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. అక్టోబర్‌లో గాయాలతో ఇద్దరు అటాకర్లు కూర్చుంటే, అప్పటిదాకా దాచిన రెడ్‌షర్ట్‌ను ఐదు వారాల ఆట కోసం కరిగించాలా వద్దా అన్నది ప్రతి సీజన్‌లో ఎక్కడో ఒకచోట వచ్చే పేచీ.

తర్వాత కోవిడ్. 2020 సీజన్ చాలా కాన్ఫరెన్సుల్లో (కాలేజీల లీగుల్లో) 2021 వసంతానికి జరిగింది. జాతీయ టోర్నీ 64 జట్లకు బదులు 48తో ఒమాహాలో నడిచి, కెంటకీ గెలిచింది. ఆ సీజన్ ఎవరి లెక్కలోకీ రాలేదు. వెళ్లిపోవాల్సిన సీనియర్లు ఇంకో ఏడాది ఉన్నారు, కొత్తవాళ్లు మామూలుగానే వచ్చారు. ఒక స్థానానికి ముగ్గురు పోటీపడే జట్లు అప్పుడు మామూలైపోయాయి.

ఇంతమంది ఓపిక పట్టి కూర్చునేవాళ్లా అంటే, 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. వాలీబాల్‌లో అంతకుముందు కూడా మొదటిసారి కాలేజీ మారితే ఏడాది కూర్చోనక్కర్లేదు గానీ, అందుకు పాత కాలేజీ అనుమతి ఇవ్వాలి. 2021లో ఆ అనుమతి అవసరం పోయింది, 2024లో ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. ‘రెండేళ్లు ఆగు, నీ వంతు వస్తుంది’ అన్న మాటకు ఉన్న విలువ దీంతో పడిపోయింది. కోచ్ దగ్గర పంచడానికి మిగిలింది ఈ ఏడాది కోర్టు, ఆ 15 సబ్‌లు.

అందుకే ఎంపికకు అంకెలు ముందుకొచ్చాయి. సర్వీసు అందుకోవడాన్ని 0 నుంచి 3 దాకా లెక్కిస్తారు: సెట్టర్‌కు అన్ని దారులూ తెరిచే పాస్‌కు 3, ఏస్ అయిపోతే, అంటే సర్వీసుకే నేరుగా పాయింటు పోతే 0. అటాక్‌కు పాయింట్లలోంచి తప్పులు తీసేసి ప్రయత్నాలతో భాగిస్తారు. ఇక్కడ పెద్ద పొరపాటుకు ఆస్కారం ఉంది. బెంచీ అటాకర్ 20 ప్రయత్నాల్లో 9 పాయింట్లు, 2 తప్పులు చేస్తే 0.350. రెగ్యులర్ అటాకర్ 400 ప్రయత్నాల్లో 160 పాయింట్లు, 56 తప్పులు చేస్తే 0.260. కాగితం మీద బెంచీ అమ్మాయే మేలు. తర్వాతి మ్యాచ్‌లో ఇద్దరూ రెండేసి బంతులు బయటికి కొట్టారనుకోండి. రెగ్యులర్ 0.254కు జారుతుంది, బెంచీ అమ్మాయి 0.227కు పడిపోతుంది. ఇరవై బంతుల అంకె పట్టుకుని కోచ్‌తో వాదించే తల్లిదండ్రులకూ, అదే అంకె చూసి జట్టు మార్చే కోచ్‌కూ ఈ లెక్క ఒకటే.

ప్రాక్టీసు అంకెలనైనా నమ్మొచ్చా అంటే, అది జట్లు ఎలా విడగొట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎ వైపు ఎప్పుడూ అదే ఆరుగురు, బి వైపు మిగతావాళ్లు అని పెడితే, బి వైపు అటాకర్లకు మొదటి సెట్టర్ చేతి బంతి ఒక్కటీ అందదు. నవంబర్‌లో గాయం వల్ల వాళ్లలో ఒకరిని దించితే మొదటి అరడజను బంతులు ఆమె చేతికి ముందో వెనకో వెళ్తాయి. ‘చూశారా, సిద్ధంగా లేదు’ అంటారు. సిద్ధం చేయలేదు మరి. సెట్టర్లను వారంలో కనీసం ఒక ప్రాక్టీసుకు అటూ ఇటూ మార్చడం, మిడిళ్లను సెట్‌కో వైపు తిప్పడం వల్ల మొదటి జట్టు సమన్వయం కొంచెం పలచబడుతుంది. ఆ నష్టం భరించాల్సిందే.

18 మందికి దించాక ఇదీ ఇరుకైంది. ఇరువైపులా ఆరుగురు, చెరో లిబరో, మొత్తం 14 మంది కావాలి. మడమ, భుజం, వేలు అంటూ ముగ్గురు కూర్చుంటే 15 మిగులుతారు. ఆ ముగ్గురిలో ఒక సెట్టర్ ఉంటే బి వైపు సెట్ చేయడానికి అసిస్టెంట్ కోచ్ దిగాలి. అంటే మ్యాచ్‌లో దిగని ఆ ఎనిమిది మంది లేకుండా రోజువారీ ప్రాక్టీసే సాగదు. 2022లో పోర్టల్‌కు గడువులు పెట్టినప్పుడు మొదటిదాన్ని టోర్నీ జట్లను ప్రకటించిన మర్నాటి నుంచే మొదలుపెట్టారు. మొదటి రౌండ్ కోసం ఎ జట్టు స్మాష్‌లకు ఎదురుగా బ్లాక్ చేస్తున్న బి వైపు అమ్మాయికి, ఇంకో కాలేజీ వెతుక్కునే గడువు కూడా అప్పుడు ఆ వారంలోనే నడుస్తూ ఉండేది.