నడుము నొప్పులన్నీ ఫ్లోరైడ్ నొప్పులు కావు: రొమ్ము క్యాన్సర్, బొక్కలు, కొన్ని అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో నా ఓపీకి వచ్చే ఆడవాళ్లలో నడుము నొప్పి లేనివాళ్లు తక్కువ. నాట్లు, కలుపు, పత్తి ఏరడం... వంగి చేసే పనులన్నీ వాళ్లవే. దానికి తోడు తాగే నీళ్లలో ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లయితే నేను రిపోర్టు తెరవకముందే చెప్పేస్తారు: "గీ నొప్పి నీళ్లదే మేడం, మా ఊర్ల అందరికీ ఉన్నదే." చాలాసార్లు ఆ మాట నిజమే. నాకు టెన్షన్ ఎక్కడంటే, ఆ మనిషికి ఇంతకుముందు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఉన్నప్పుడు. ఆ క్యాన్సర్ ఎముకల్లోకి కూడా చేరగలదు.

అపోహ: మా దగ్గర బొక్కల (ఎముకల) నొప్పులన్నీ ఫ్లోరైడ్ వల్లే.

ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. ఒళ్లంతా బిగుసుకుంటుంది, మెడ తిరగదు, నడుము వంగదు. అదే బోరు నీళ్లు తాగిన ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. క్యాన్సర్ నొప్పి ఎక్కువగా ఒకచోట మొదలవుతుంది, వారాల్లో పెరుగుతుంది, పడుకున్నా తగ్గదు, రాత్రి నిద్ర లేపుతుంది. వెన్నుపూస, కటి ఎముక, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం దానికి ఇష్టమైన చోట్లు.

ఫొటోల్లోనూ తికమక ఉంది. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు; అందులో ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఎముకకు బొరియలు పెడుతుంది గానీ, కొందరిలో తెల్ల మచ్చలుగా కూడా కనిపిస్తుంది. బోన్ స్కాన్‌లో ఫ్లోరోసిస్ ఉన్న ఎముకలన్నీ వెలిగిపోవచ్చు. అందుకే స్కాన్ తీసేవాళ్లకు మీ ఊరి పేరూ చెప్పండి, పాత ఆపరేషన్ సంగతీ చెప్పండి.

దేవరకొండ వైపు నుంచి ఒకామె ఆపరేషన్ అయిన ఆరేళ్లకు నడుము నొప్పి అంటే ఊళ్లో మూడు నెలలు నొప్పి సూదులు వేశారు. నా దగ్గరికి వచ్చేసరికి కాలు ఎత్తలేకపోతోంది. కాళ్లు మొద్దుబారినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. ఫ్లోరోసిస్ కూడా ఆ పని చేయగలదు. కానీ అది క్యాన్సర్ వల్ల అయితే మన చేతిలో ఉండేవి గంటలే. ఏది అని ఆలోచిస్తూ కూర్చోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి బయల్దేరండి.

అపోహ: క్యాన్సర్ కణం వచ్చి బొక్కను కొరుక్కు తింటుంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, వైద్యమంతా దీనిమీదే నడుస్తుంది కాబట్టి.

ఎముక రాయి కాదు, ఎప్పుడూ రిపేరు నడిచే ఇల్లు. పాత గోడను కూల్చే కణాలు ఆస్టియోక్లాస్ట్‌లు. కొత్త గోడ కట్టేవి ఆస్టియోబ్లాస్ట్‌లు. పాలమూరు మేస్త్రీల పని చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది: కట్టే మేస్త్రి కబురు పెడితేనే కూల్చే బ్యాచ్ దిగుతుంది. ఆ కబురు పేరు ర్యాంక్‌ఎల్. మరీ ఎక్కువ కూల్చకుండా ఆ కబురును దారిలోనే పట్టేసే ఓపీజీ అనే ప్రోటీన్‌ను కూడా మేస్త్రే తయారు చేస్తాడు. రెండూ తూకంలో ఉన్నంతకాలం ఇంటికి ఢోకా లేదు.

ఎముకలో దిగిన రొమ్ము క్యాన్సర్ కణం పీటీహెచ్ఆర్‌పీ అనే ప్రోటీన్ వదులుతుంది. అదొక దొంగ చీటీ. దాన్ని నమ్మిన మేస్త్రి ర్యాంక్‌ఎల్ పెంచుతాడు, ఓపీజీ తగ్గిస్తాడు. కూల్చే బ్యాచ్ రెచ్చిపోతుంది. అంటే మన ఎముకను తినేది చాలావరకు మన కణాలే. ఎముక కరిగినప్పుడు అందులో దాచి ఉన్న టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ వంటి పెరుగుదల పదార్థాలు బయటపడతాయి. ఐజీఎఫ్ క్యాన్సర్ కణానికి తిండి పెట్టినట్టు, టీజీఎఫ్-బీటా దానిచేత ఇంకా చీటీలు రాయిస్తుంది. కూలిన కొద్దీ చీటీలు, చీటీలు పెరిగిన కొద్దీ కూల్చడం.

ఈ చీటీ క్యాన్సర్ కనిపెట్టింది కూడా కాదు. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో రొమ్ము ఇదే ప్రోటీన్‌తో తల్లి ఎముకల నుంచి పాలకు క్యాల్షియం తెప్పించుకుంటుంది. పాలు మాన్పించాక ఆ లోటు పూడుతుంది. పైగా పాలివ్వడం రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది, కాబట్టి ఇది చదివి ఎవరూ డబ్బాపాలు కొనకండి.

అపోహ: బొక్కలకే ఎందుకంటే తలరాత.

1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూసి, క్యాన్సర్ కణం విత్తనం లాంటిది, ఎక్కడ పడ్డా నేల కుదిరితేనే మొలుస్తుందన్నాడు. పత్తికి నల్లరేగడి ఎందుకో మన రైతుకు వేరే చెప్పాలా? ఆ నేల పిలుపులో ఒకటి 2001లో బయటపడింది: ఎముక మజ్జ సీఎక్స్‌సీఎల్12 అనే పదార్థాన్ని వదులుతుంది, రొమ్ము క్యాన్సర్ కణాల మీద దాన్ని పసిగట్టే సీఎక్స్‌సీఆర్4 ఉంటుంది. వాసన పట్టుకుని వచ్చినట్టు వస్తాయి.

అపోహ: అయిదేళ్లు దాటితే ఇక భయం లేదు.

హార్మోన్ పాజిటివ్ రకంలో, అంటే ఒంట్లోని హార్మోన్ల సాయంతో పెరిగే రకంలో, కొన్ని కణాలు మజ్జలో ఏళ్ల తరబడి నిద్రపోయి, పదేళ్ల తర్వాత కూడా లేవగలవు. రోజూ భయపడమని కాదు, కొత్త నొప్పి వస్తే ఆ పాత ఫైలు తెమ్మని.

అపోహ: సూది పరీక్ష (బయాప్సీ) చేస్తే క్యాన్సర్ పాకుతుంది. పాకదు. చేయించుకోండి.

అపోహ: బొక్కల్లోకి వస్తే అది బొక్కల క్యాన్సర్, ఇక రోజులే.

ఎక్కడికి చేరినా అది రొమ్ము క్యాన్సరే. అందుకే హార్మోన్ పాజిటివ్ అయితే హార్మోన్ గోళీలు ఎముకలో ఉన్న కణాల మీద కూడా పనిచేస్తాయి. ఎముకల వరకే ఉంటే ఏళ్ల పాటు ఇంటి పని చేసుకుంటున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు.

అపోహ: బొక్కల సూదితో క్యాన్సర్ చచ్చిపోతుంది.

ఆ సూది పని వేరు. ఇందులో రెండు మందులున్నాయి. డెనోసుమాబ్ ర్యాంక్‌ఎల్ కబురును అడ్డుకుంటుంది, ఓపీజీ చేసే పనే. జోలెడ్రోనిక్ యాసిడ్ కూల్చే కణాలనే దెబ్బతీస్తుంది. ఎముక విరగడం, నొప్పి తగ్గుతాయి. అసలు క్యాన్సర్ మందులు ఆపకూడదు.

క్యాల్షియం గోళీలు క్యాన్సర్‌ను పెంచుతాయని మానేసేవాళ్లూ ఉన్నారు. ఈ సూదులతో రక్తంలో క్యాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోవచ్చు. రక్త పరీక్ష చూసి డాక్టరు ఆపమంటే తప్ప క్యాల్షియం, విటమిన్ డి వేసుకోవాలి.

ఇంకోటి, పళ్లు. ఈ సూదులు తీసుకుంటూ పన్ను పీకించుకుంటే ఒక్కోసారి దవడ ఎముక మానకుండా కుళ్లుతుంది. పుచ్చు పళ్ల పని మొదటి సూదికి ముందే చేయించుకోండి. తర్వాత ఎప్పుడు పంటి డాక్టరు దగ్గరికి పోయినా, "బొక్కల సూది నడుస్తోంది" అని కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. పేరు నోరు తిరగకపోతే ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని పోతే చాలు.